మైనరు పెళ్లి కేసు కోర్టుకు వెళ్తే: వయసు, చట్టం, శిక్ష

నల్లమల రేవతి

సభ్యులందరికీ నమస్కారం. నేను మహిళా శిశు సంక్షేమ శాఖలో క్షేత్రస్థాయిలో పనిచేస్తున్నాను. ఊరు, పేరు, తేదీ తెలిసే వివరాలన్నీ తీసేసి ఒక కేసు గురించి అడుగుతున్నాను. పదో తరగతి పాసైన ఒక అమ్మాయికి పెళ్లి కుదిర్చారని పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ రాగా, మేమూ పంచాయతీ కార్యదర్శీ పోలీసులూ కలిసి వెళ్లి, 18 ఏళ్లు నిండేదాకా పెళ్లి చేయబోమని ఇరువైపుల పెద్దల చేత హామీ పత్రం రాయించుకున్నాం. కొద్ది వారాలకే వాళ్లు పక్క జిల్లాలోని ఒక గుడిలో రాత్రిపూట పెళ్లి జరిపించేశారు. వరుడికి 24 ఏళ్లు. తర్వాత ఆ అమ్మాయి గర్భంతో పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు వయసు చూసి పోలీసులకు తెలియజేయడంతో కేసు నమోదైంది. బాల్య వివాహాల నిషేధ చట్టంతో పాటు పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం), భారతీయ న్యాయ సంహిత (పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చినది) సెక్షన్లు కూడా పెట్టారు.

ఇప్పుడు నన్ను సాక్షిగా చేర్చారు. "మేమూ మేమూ రాజీ పడ్డాం, మధ్యలో మీకెందుకు" అని రెండు కుటుంబాలూ అంటున్నాయి. మేము రాయించుకున్న హామీ పత్రానికి కోర్టులో విలువ ఉంటుందా? అమ్మాయి వచ్చి "ఇష్టపడే చేసుకున్నాను" అని చెబితే కేసు ఏమవుతుంది? తెలిసినవారు వివరించగలరు.

కోర్టు మెట్లు

రేవతి గారూ, నేను పోక్సో కోర్టులో డిఫెన్సు వైపూ ఫిర్యాది వైపూ కూడా పనిచేసిన న్యాయవాదిని. మీ కేసులో ఒకే సంఘటన మీద మూడు చట్టాలు పనిచేస్తున్నాయి. వాటి బరువులు సమానం కావని ముందుగా గ్రహించాలి.

బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చి 2007 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని 9వ సెక్షను ప్రకారం 18 ఏళ్లు దాటిన పురుషుడు మైనరు బాలికను పెళ్లి చేసుకుంటే రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పెళ్లి జరిపించినవారికి 10వ సెక్షను, ప్రోత్సహించిన లేదా ఆపకుండా ఊరుకున్న తల్లిదండ్రులకు, సంరక్షకులకు 11వ సెక్షను వర్తిస్తాయి. వాటికీ శిక్ష అంతే. ఇక పోక్సోకు వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. 18 ఏళ్లలోపు బాలికతో శారీరక సంబంధం ఆ చట్టం దృష్టిలో నేరమే, పెళ్లయిందనే మినహాయింపు అందులో లేదు. పైగా బాలిక గర్భవతి అయితే అది తీవ్రమైన లైంగిక దాడి కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్లు. కాబట్టి పెళ్లి చేసిన నేరానికి గరిష్ఠం రెండేళ్లు, ఆ పెళ్లి తర్వాత జరిగిన కాపురానికి కనిష్ఠం 20 ఏళ్లు. నేరారోపణ పత్రంలో మూడు చట్టాలున్నా, విచారణ అంతా పోక్సో చుట్టూనే తిరగడానికి కారణం ఇదే.

హామీ పత్రం సంగతి. అది కోర్టు ఉత్తర్వు కాదు, కాబట్టి దాన్ని ఉల్లంఘించినందుకు విడిగా శిక్ష ఉండదు. బాల్య వివాహాల నిషేధ చట్టంలోని 13వ సెక్షను కింద ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ ఉత్తర్వును ధిక్కరించి జరిపిన పెళ్లి 14వ సెక్షను ప్రకారం మొదటి నుంచే చెల్లదు, ధిక్కారానికి రెండేళ్ల దాకా శిక్ష కూడా ఉంటుంది. అయితే మీ పత్రం వృథా కాలేదు. "అమ్మాయికి 18 నిండాయనుకున్నాం" అనే వాదనను అది మొదట్లోనే మూసేస్తుంది. వయసు తక్కువని తెలిసి, సంతకం పెట్టి, ఆ తర్వాత పెళ్లి చేశారని దాని ద్వారా రుజువవుతుంది. సంతకాలు ఎవరి ఎదుట జరిగాయో, పత్రం అసలు ప్రతి ఎవరి దగ్గరుందో మీరు స్పష్టంగా చెప్పగలగాలి.

కృష్ణాతీరం

పెద్దలు ఒప్పుకున్నారు, అమ్మాయి ఒప్పుకుంది, బిడ్డ కూడా పుట్టబోతోంది. ఇప్పుడు భర్తను 20 ఏళ్లు జైల్లో పెడితే ఆ తల్లీబిడ్డల గతేమిటని ఎవరూ అడగరేం? మన వైపు మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి. తమిళనాడులో ఒక మేనమామ తన మేనకోడలిని 18 నిండకముందే చేసుకున్న కేసులో కింది కోర్టు పదేళ్ల శిక్ష వేసి, మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించినా, 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఇద్దరు పిల్లలతో సుఖంగా సాగుతున్న సంసారాన్ని చెడగొట్టలేమని అంది. సర్వోన్నత న్యాయస్థానమే అలా అన్నాక ఇంకా ఈ కేసులేమిటి? అబ్బాయికి 20, అమ్మాయికి 19 ఉన్నా కేసు పెడతారట, ఇదెక్కడి న్యాయం?

కోర్టు మెట్లు

కృష్ణాతీరం గారూ, చివరి మాటకు ముందు జవాబిస్తాను. అబ్బాయికి 21 నిండకపోయినా అమ్మాయికి 18 దాటి ఉంటే ఆ అబ్బాయిని 9వ సెక్షను కింద శిక్షించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 నవంబరులోనే తేల్చింది. ఆ సెక్షను ఉద్దేశం మైనరు బాలికను చేసుకున్న పెద్దవాణ్ణి శిక్షించడమే తప్ప, మేజరు యువతిని చేసుకున్న 18-21 ఏళ్ల కుర్రవాణ్ణి జైలుకు పంపడం కాదని ఆ తీర్పు చెప్పింది.

2022 ఉత్తర్వు గురించి మీరు చెప్పింది నిజమే, కానీ సగమే. ఆ కేసు ప్రత్యేక పరిస్థితుల్లో, తర్వాత జరిగిన పరిణామాలను చూసి శిక్షను రద్దు చేస్తున్నామని కోర్టు రాసింది. భార్యను సరిగా చూసుకోకపోతే ఆమె గానీ ఆమె తరఫున ప్రభుత్వం గానీ మళ్లీ తమ ముందుకు రావచ్చనే షరతు కూడా పెట్టింది. మేనరికం ఉంటే పోక్సో వర్తించదని అందులో ఎక్కడా లేదు. సుప్రీంకోర్టుకు రాజ్యాంగం 142వ అధికరణం కింద ఉన్న అసాధారణ అధికారం జిల్లా కోర్టుకు లేదు. కనీస శిక్ష 20 ఏళ్లని శాసనం రాశాక, నేరం రుజువైతే పోక్సో జడ్జి గారు 19 ఏళ్ల 11 నెలలు కూడా వేయలేరు.

పాత హెడ్మాస్టరు

పాలమూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి కేసుల్లో అడ్మిషన్ రిజిస్టరు పట్టుకుని కోర్టు బోను ఎక్కిన అనుభవం నాకుంది గనుక ఆ భాగం చెబుతాను.

డిఫెన్సు న్యాయవాదులు అడిగే మొదటి ప్రశ్న, "ఈ పుట్టిన తేదీ మీకు ఎవరు చెప్పారు, దేని ఆధారంగా రాశారు" అన్నదే. మా రోజుల్లో పిల్లలను బడిలో చేర్చేటప్పుడు జనన ధ్రువపత్రం తెచ్చినవాళ్లు అరుదు. తండ్రో తాతో "వానలు పడ్డ ఏడు పుట్టిందండీ" అంటే, ఒకటో తరగతికి సరిపోయేట్టు అయిదేళ్లు వెనక్కి లెక్కవేసి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేవాళ్లం. ఒక తరగతి రిజిస్టరు తెరిస్తే సగంమంది జూన్ నెల పుట్టినవాళ్లే కనిపించడానికి కారణం అదే. ఆ తేదీని ఇప్పుడు కోర్టులో నిలబెట్టి, ఒక మనిషి 20 ఏళ్ల జైలు దాని మీద ఆధారపడుతుందంటే, సాక్షి బోనులో ఉన్నవాడికి కూడా గుండె దడ పుడుతుంది.

జనన, మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ వల్ల, ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. మంచిదే. కాకపోతే ఆ పిల్లలకు 18 నిండేది 2041లో. అందాకా కోర్టులు మా రిజిస్టర్లతోనే నెట్టుకురావాలి.

న్యాయ విద్యార్థి

మాస్టారూ, మీరు చెప్పింది చదివాక ఒక సందేహం. బడి రికార్డు, ఆధార్, ఎముకల పరీక్ష మూడూ మూడు వయసులు చెబితే కోర్టు దేన్ని నమ్ముతుంది? మా ఊళ్లో చాలామంది ఆధార్ చూపించి పెళ్లిళ్లు చేసేస్తున్నారు.

కోర్టు మెట్లు

ఈ కేసులు నిలిచినా కూలినా వయసు దగ్గరే, కాబట్టి దీని గురించి కాస్త విస్తరంగా రాస్తాను.

బాల నేరస్తుల వయసు తేల్చడానికి పెట్టిన పద్ధతినే బాధిత బాలికల విషయంలోనూ పాటించాలని సుప్రీంకోర్టు 2013లో జర్నైల్ సింగ్ కేసులో చెప్పింది. ఆ పద్ధతి ఇప్పుడు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షనులో ఉంది. ముందుగా చూడవలసింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం, లేదా బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. 16-18 అని నివేదిక వస్తే 18 దాటి ఉండవచ్చని డిఫెన్సు వాదించడానికి అది చాలు.

ఈ వరుస ఎంత కచ్చితంగా అమలవుతుందో 2023 జూలైలో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసు చూపించింది. అక్కడ పోక్సోతో పాటు బాల్య వివాహ నేరం కూడా మోపారు. ప్రాసిక్యూషను బడి ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ మీద ఆధారపడింది. టీసీ ఆ 94వ సెక్షను చెప్పిన పత్రాల్లో లేదని, మిగిలిన వైద్య సాక్ష్యం 18 నుంచి 20 ఏళ్ల మధ్య వయసు చూపుతోందని చెప్పి, సుప్రీంకోర్టు పోక్సో శిక్షను రద్దు చేసింది. టీసీ జిరాక్సు ఫైల్లో పెట్టి వయసు రుజువైందనుకునే దర్యాప్తు అధికారులు ఆ తీర్పు ఒకసారి చదవాలి.

ఆధార్ విషయానికొస్తే, అది గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పురోహితుడు గానీ ఫంక్షన్ హాలు యజమాని గానీ "ఆధార్ చూసే చేశాం" అంటే, బాల్య వివాహం కాదని నమ్మడానికి తనకు కారణం ఉందని 10వ సెక్షను కింద వాదించుకోవడానికి అది పనికొస్తుందేమో గానీ, బాలిక అసలు వయసును అది మార్చదు. రేవతి గారి కేసులో అమ్మాయి పదో తరగతి పాసైంది కాబట్టి బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. వయసు విషయంలో ఆ కేసు బలంగానే ఉంది.

వెన్నెల దారి

నేను పోక్సో కేసుల్లో బాలికలకు సహాయక వ్యక్తిగా పనిచేస్తాను. వాంగ్మూలం ఇచ్చే రోజున పక్కన ఉండటం, కోర్టులో ఏం జరుగుతుందో అమ్మాయికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం మా పని.

కృష్ణాతీరం గారు అడిగిన ప్రశ్న పనికిరానిదేమీ కాదు. కానీ "అమ్మాయి ఒప్పుకుంది" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. 16 ఏళ్ల పిల్ల మేజిస్ట్రేటు ముందు "ఇష్టపడే చేసుకున్నాను" అని చెప్పే నాటికి, ఆమె అత్తగారింట్లో గర్భంతో ఉంటుంది, తండ్రి కూడా అదే కేసులో నిందితుడై ఉంటాడు, అన్న చదువు ఆగిపోతుందని తల్లి ఏడుస్తుంటుంది. నిజం చెబితే పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ పోతాయి. ఆ మాటను స్వేచ్ఛగా చెప్పిన మాటగా నేను తీసుకోలేను. ప్రేమించి వెళ్లిపోయిన 17 ఏళ్ల పిల్ల పరిస్థితి వేరు, పెద్దలు కుదిర్చి కట్టబెట్టిన పిల్ల పరిస్థితి వేరు. చట్టం రెంటినీ ఒకే గాటన కడుతోందన్న ఫిర్యాదును మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

ఇందులో అందరూ చదవవలసింది పశ్చిమ బెంగాల్ కేసు. 14 ఏళ్ల బాలిక 25 ఏళ్ల వ్యక్తితో వెళ్లిపోయి, బిడ్డను కని, అతనితోనే ఉంటోంది. పోక్సో కోర్టు 20 ఏళ్ల శిక్ష వేస్తే 2023 అక్టోబరులో కలకత్తా హైకోర్టు అతణ్ణి విడిచిపెట్టింది, ఆ తీర్పులో కౌమార బాలికలకు చేసిన హితబోధ దేశమంతా వివాదమైంది. 2024 ఆగస్టులో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఆ తీర్పును కొట్టేసి, అతను దోషేనని తేల్చారు. అయితే శిక్ష విధించేముందు, ఆమె మేజరై ఉండటంతో, ఆమెకు వాస్తవ పరిస్థితి వివరించి ఆమె ఏం కోరుకుంటోందో తెలుసుకోవడానికి నిపుణుల సంఘాన్ని వేశారు. ఆ నివేదిక చూసి 2025 మేలో 142వ అధికరణం కింద అతణ్ణి జైలుకు పంపకుండా వదిలేశారు. జరిగిన సంఘటన కంటే, ఆ తర్వాత పోలీసులూ కోర్టులూ, భర్తను విడిపించుకోవడానికి పడ్డ పాట్లే ఆమెను ఎక్కువగా బాధించాయని కోర్టు గుర్తించింది. సమాజం ఆమెను తప్పుపట్టింది, చట్టం ఆదుకోలేదు, సొంత కుటుంబం వదిలేసింది. ఆమె చదువుకూ బిడ్డ సంరక్షణకూ రాష్ట్రం బాధ్యత వహించాలని ఆదేశాలిచ్చారు.

నాకు ఆ రెండు తీర్పుల్లో మొదటిదే ముఖ్యమైనదిగా తోస్తుంది. నేరం జరిగిందని గట్టిగా చెప్పి, ఆ తర్వాతే ఆ పిల్లకు ఏం కావాలని అడిగారు. మన జిల్లా కోర్టుల్లో ఆ రెండో ప్రశ్న అడిగే వెసులుబాటు చట్టంలో లేదు.

న్యాయ విద్యార్థి

భర్తకు అత్యాచారం సెక్షను వర్తించదనే మినహాయింపు ఒకటి ఉండేది కదా? అది భారతీయ న్యాయ సంహితలోనూ ఉందని చదివాను. మరి పెళ్లయినవాళ్లపై ఆ సెక్షను ఎలా పెడతారు?

కోర్టు మెట్లు

మినహాయింపు ఉంది, వయసు మారింది. పాత శిక్షాస్మృతి 375వ సెక్షనులో భార్యకు 15 ఏళ్లు దాటి ఉంటే చాలునన్నారు. ఆ లెక్కన బయటి వ్యక్తి విషయంలో 18, భర్త విషయంలో 15. ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధమని 2017 అక్టోబరు 11న ఇండిపెండెంట్ థాట్ కేసులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా తీర్పిచ్చి, 15ను 18గా చదువుకోవాలన్నారు. ఆ తీర్పు ఆనాటి నుంచి ముందుకే వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సంహితలో 63వ సెక్షను మినహాయింపులోనే 18 అని రాసేశారు.

అలాగని పెళ్లి చెల్లకుండా పోదు, చాలామంది తికమకపడేది ఇక్కడే. హిందూ వివాహ చట్టంలోని వయసు షరతును ఉల్లంఘించిన పెళ్లి అంతమాత్రాన చెల్లనిది కాదని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి 1970లలోనే చెప్పింది. అంతకుముందు అదే హైకోర్టు ఇచ్చిన తీర్పు దానికి విరుద్ధంగా ఉండేది. 2006 చట్టం మధ్యేమార్గం పట్టింది. పెళ్లినాటికి మైనరుగా ఉన్న వ్యక్తి కోరితేనే జిల్లా కోర్టు, అంటే ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట ఆ కోర్టు, పెళ్లిని రద్దు చేస్తుంది. మేజరైన రెండేళ్లలోపు, అంటే అమ్మాయి 20 నిండేలోపు, పిటిషను వేయాలి. బలవంతంగా లేదా మోసగించి తీసుకెళ్లి, అమ్మివేసి చేసిన పెళ్లి మాత్రం 12వ సెక్షను కింద మొదటి నుంచే చెల్లదు. కర్ణాటక తన సవరణతో ప్రతి బాల్య వివాహాన్నీ చెల్లనిదిగా చేసింది.

కాబట్టి మన రాష్ట్రాల్లో ఒక విచిత్ర స్థితి ఉంది. పెళ్లి చెల్లుతుంది, పెళ్లి చేయడం నేరం, కాపురం చేయడం ఇంకా పెద్ద నేరం. ముస్లిం వ్యక్తిగత చట్టంతో ఈ చట్టానికి ఉన్న ఘర్షణపై హైకోర్టులు వేర్వేరు దారుల్లో వెళ్లాయి. కేరళ హైకోర్టు మతంతో పనిలేకుండా వర్తిస్తుందంది. పంజాబ్, హర్యానా హైకోర్టు యుక్తవయసు వచ్చిన బాలిక వివాహాన్ని గుర్తించి దంపతులకు రక్షణ కల్పించిన ఉత్తర్వులున్నాయి. 2024 అక్టోబరు 18న బాల్య వివాహాల నివారణపై సమగ్ర మార్గదర్శకాలిచ్చిన సుప్రీంకోర్టు ఈ ఒక్క ప్రశ్నను తేల్చకుండా పార్లమెంటుకే విడిచిపెట్టింది.

గట్టి చట్టం

ఇంత చర్చ దేనికి? అందరినీ, తల్లిదండ్రులతో సహా, ఒకేసారి అరెస్టు చేస్తే మరునాటి నుంచి ఎవరూ చేయరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. మెత్తగా ఉంటే ఇంతే.

వెన్నెల దారి

మీరు చెప్పిన పద్ధతిని అస్సాం 2023 ఫిబ్రవరిలో ప్రయత్నించింది. ఏళ్ల క్రితం జరిగిన పెళ్లిళ్లపైన కూడా కేసులు పెట్టి వేలమందిని అరెస్టు చేశారు. భర్తల కోసం, కొడుకుల కోసం ఆడవాళ్లు పోలీసు స్టేషన్ల ముందు కూర్చున్నారు. గువాహటి హైకోర్టు ముందస్తు బెయిళ్లిస్తూ, వీళ్లను కస్టడీలో విచారించవలసిన అవసరమేమిటని, ప్రతి కేసులోనూ పోక్సో ఎందుకు జోడించారని ప్రశ్నించింది, ఈ అరెస్టులు మనుషుల వ్యక్తిగత జీవితాల్లో కల్లోలం రేపాయని వ్యాఖ్యానించింది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. అరెస్టు భయం పెరిగినకొద్దీ గర్భిణి బాలికను ఆసుపత్రికి తీసుకురావడం మానేస్తారు. రేవతి గారి కేసు బయటపడిందే ఆసుపత్రి వల్ల. పోక్సో 19వ సెక్షను ప్రకారం డాక్టరు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆయనకే శిక్ష. ఇది తెలిసిన కుటుంబాలు వయసు 19 అని రాయిస్తాయి, లేదా కాన్పు ఇంట్లోనే చేయిస్తాయి. గర్భస్రావం విషయంలో మైనరు లేదా ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు చెప్పనవసరం లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది. కాన్పు కోసం వచ్చే పిల్లకు అలాంటి ఊరట లేదు.

కృష్ణాతీరం

అందుకే నేను రాజీ అంటున్నాను. రెండు కుటుంబాలూ కలిసి హైకోర్టుకెళ్లి కేసు కొట్టివేయించుకుంటే ఎవరికి నష్టం?

కోర్టు మెట్లు

వెళ్తున్నారు కూడా. పెళ్లయి బిడ్డలున్నారని, బాధితురాలే వచ్చి కోరుతోందని కొన్ని హైకోర్టులు కేసులు కొట్టివేసిన సందర్భాలున్నాయి, ఇది సమాజానికి వ్యతిరేకమైన నేరం కాబట్టి రాజీ కుదరదని తిరస్కరించిన సందర్భాలూ అన్నే ఉన్నాయి. 2024 నవంబరులో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక పోక్సో కేసులో, తండ్రి రాజీ పడ్డాడని హైకోర్టు కొట్టేసిన కేసును సుప్రీంకోర్టు తిరిగి తెరిపించింది. అది ఉపాధ్యాయుడిపై ఆరోపణ, పెళ్లి కేసు కాదు. అయినా పబ్లిక్ ప్రాసిక్యూటర్లు ఇప్పుడు మొదట చూపించే తీర్పు అదే. ఒకే వాస్తవాలు ఒక బెంచి ముందు విడుదలకూ, మరో బెంచి ముందు 20 ఏళ్లకూ దారితీయడం న్యాయవ్యవస్థకు గౌరవం కాదని నా అభిప్రాయం. 22వ లా కమిషన్ 2023లో ఇచ్చిన 283వ నివేదికలో, సమ్మతి వయసు 18 నుంచి తగ్గించవద్దంటూనే, 16-18 ఏళ్ల మధ్య బాలికలు మౌనంగానైనా సమ్మతించిన కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి మార్గదర్శకాలతో కూడిన విచక్షణ ఇవ్వాలని సూచించింది. అది ఇప్పటికీ చట్టం కాలేదు.

రేవతి గారి రెండో ప్రశ్నకు నేరుగా వస్తాను. అమ్మాయి బోనులో ఎదురు తిరిగినా పోక్సో ఆరోపణ దానంతటదే పడిపోదు. సమ్మతికి చట్టంలో స్థానం లేనప్పుడు "ఇష్టపడే" అన్న మాట వల్ల నిందితుడికి వచ్చే లాభం తక్కువ. "మా మధ్య ఏమీ జరగలేదు" అంటే తప్ప. అప్పుడు బిడ్డ డీఎన్ఏ నివేదిక మాట్లాడుతుంది. పోక్సో 29వ సెక్షను నేరం జరిగిందని భావించమంటుంది గానీ, వయసు, సంబంధం అనే మూల వాస్తవాలను ప్రాసిక్యూషను ముందు చూపాకే అది పనిచేస్తుందని హైకోర్టులు చెబుతున్నాయి. నేను చూసిన నిర్దోషి తీర్పుల్లో ఎక్కువ భాగం అమ్మాయి ఎదురు తిరగడం వల్ల ఒక్కటే కాదు, దానికి తోడు వయసు పత్రం సరిగా నిరూపించకపోవడం వల్ల వచ్చినవి.

పాత హెడ్మాస్టరు

పెళ్లి చేసినవాళ్ల మాటేమిటి? కుర్రవాడొక్కడే ముద్దాయి అవుతాడు, ముహూర్తం పెట్టినవారు, భోజనాలు వడ్డించినవారు, సంబంధం కుదిర్చిన మధ్యవర్తి అందరూ సాక్షుల జాబితాలోకి పోతారు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

కోర్టు మెట్లు

మాస్టారూ, సరైన చోట పట్టుకున్నారు. 11వ సెక్షనులో పెద్దలపై చట్టమే ఒక ఊహ పెట్టింది. మైనరుకు పెళ్లి జరిగిందంటే, ఆమె బాధ్యత ఉన్నవాళ్లు నిర్లక్ష్యంతో ఆపలేదనే భావించాలి, కాదని నిరూపించుకోవలసింది వాళ్లే. అయితే ఈ సెక్షను కింద ఏ మహిళకూ జైలు శిక్ష వేయకూడదు. తల్లికి జరిమానా వరకే.

ఆచరణలో ఇంకో చిక్కుంది. శిక్ష ఏడాది దాటి, మూడేళ్లు మించని నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి మూడేళ్ల గడువు ఉంది. పాత నేర విచారణ స్మృతిలో 468వ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 514. పెళ్లి జరిగిన నాలుగేళ్లకు గొడవలొచ్చి అమ్మాయి ఫిర్యాదు చేస్తే, ఆలస్యాన్ని కోర్టు మన్నిస్తే తప్ప, పెళ్లి చేసిన పెద్దలు బయటపడతారు, పోక్సో మాత్రం భర్తపై నిలుస్తుంది. పథకం వేసినవాళ్లు తప్పించుకుని, తాళి కట్టినవాడికి పూర్తి భారం పడే ఏర్పాటు ఇది. తాళి కట్టిన 24 ఏళ్లవాడికి బాధ్యత లేదని నేననను.

థేమ్స్ తెలుగు

లండన్ నుంచి ఒక మాట. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 ఫిబ్రవరి 27 నుంచి పెళ్లి వయసు 18. అంతకుముందు తల్లిదండ్రుల అనుమతితో 16కే చేసుకునే వీలుండేది. 18 నిండని పిల్లల పెళ్లి ఏర్పాటు చేస్తే, బలవంతం లేకపోయినా, చట్టబద్ధంగా నమోదుకాని మతపరమైన తంతు అయినా, ఏడేళ్ల దాకా జైలు. ఇక్కడ చట్టం గురిపెట్టింది ఏర్పాటు చేసినవాళ్లకే. సెలవులకని ఊరికి తీసుకెళ్లి నిశ్చయం చేసే మనవాళ్లకు ఈ సంగతి తెలియడం మంచిది.

నల్లమల రేవతి

అందరికీ కృతజ్ఞతలు. రెండు విషయాలు మిగిలాయి. ఇకముందు హామీ పత్రంతో ఆగకుండా 13వ సెక్షను ఉత్తర్వు కోసం మేమే వెళ్లవచ్చా, లేక పోలీసులే వెళ్లాలా? అలాగే ఈ అమ్మాయి భర్త రిమాండులో ఉన్నాడు, అత్తవారు ఇంట్లో ఉంచుకోబోమంటున్నారు, పుట్టింటివాళ్లు తీసుకెళ్లబోమంటున్నారు. ఆమె తిండికీ కాన్పుకూ దారేమిటి?

కోర్టు మెట్లు

బాల్య వివాహ నిషేధ అధికారి నేరుగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు, విషయం స్వయంగా తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, నమ్మదగిన సమాచారం ఉంటే మేజిస్ట్రేటు తనంతట తానే స్పందించవచ్చు. మామూలుగా ఎదుటివారికి నోటీసు ఇవ్వాలి గానీ, పెళ్లి రేపో ఎల్లుండో అయితే నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది. 2024 అక్టోబరు తీర్పు కూడా శిక్షల కంటే ముందుగా నివారణకే ప్రాధాన్యమిచ్చింది, మేజిస్ట్రేట్లు ఈ అధికారాన్ని చొరవగా వాడాలని కోరింది. మీ మండలంలో నియమితులైన నిషేధ అధికారి పేరు మీద దరఖాస్తు నమూనా ఒకటి ముందే సిద్ధం చేసుకుని, బోర్డు సర్టిఫికెట్ నకలు, పెళ్లి పత్రిక జతచేసి పట్టుకెళ్లండి. ఉత్తర్వు వచ్చాక దాన్ని ఇరు కుటుంబాలకూ అందజేసినట్టు సంతకం తీసుకోవడం మరవకండి. అది లేకపోతే ఉత్తర్వు సంగతి తమకు తెలియదని వాదిస్తారు.

వెన్నెల దారి

అమ్మాయి విషయం నేను చెబుతాను. ముందు ఆమెను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచండి. ఎక్కడ ఉండాలో రెండు కుటుంబాల పంచాయితీ కాదు, ఆ సమితి నిర్ణయించాలి. పోక్సో కోర్టు కేసు తేలేదాకా ఆగకుండా మధ్యంతర పరిహారం ఇప్పించగలదు. దానికి 2020 పోక్సో నిబంధనల్లో 9వ నిబంధన ఉంది, పబ్లిక్ ప్రాసిక్యూటరు గారితో మెమో వేయించండి. పెళ్లి రద్దు కోరుతూ జిల్లా కోర్టుకు వెళ్తే, బాల్య వివాహాల నిషేధ చట్టం 4వ సెక్షను కింద ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా భర్త నుంచి, అతను మైనరైతే అతని తల్లిదండ్రుల నుంచి, భరణమూ నివాసమూ కోరవచ్చు. రద్దయినా బిడ్డ 6వ సెక్షను ప్రకారం అన్ని విధాలా చట్టబద్ధ సంతానమే. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. రద్దు చేసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆమెను ఇప్పుడే తేల్చమనకండి. 20 నిండేదాకా ఆమెకు సమయం ఉంది. ఆ తేదీ ఏదో ఆమెకు ఒక కాగితం మీద రాసివ్వండి, ఇంకెవరూ చెప్పరు.